పేరు పాతిపెట్టిన పెళ్లికూతురు: చీకటి జానపద ప్రేమకథ రాయడం ఎలా

మీ దగ్గర ఒక ప్రేమకథ ఉంది. అందులో కోట ఉంది, మంత్రం ఉంది, నెత్తురు ఉంది. నాయకుడు క్రూరుడు, నాయిక మొండిది. పదో భాగంలో నాయకుడి తల్లిని చిన్నప్పుడే ఎవరో చంపేశారని తెలుస్తుంది. పన్నెండో భాగంలో నాయిక కన్నీళ్లు పెట్టుకుని అతన్ని క్షమిస్తుంది. స్నేహితులు చదవమని ఇచ్చే చిత్తుప్రతుల్లో సగం ఇలాగే ఉంటున్నాయి. నేను మొదట రాసిందీ ఇదే బాపతు. నలభై భాగాలు రాశాక ఒక పాఠకురాలు ఒక్క ప్రశ్న అడిగింది: "ఇతను ఏమీ కోరుకోడు కదా, ఊరికే కోపంగా ఉంటాడెందుకు?" ఆ కథ అక్కడితో ఆగిపోయింది.

డార్క్ ఫాంటసీ రొమాన్స్ అనే పేరు మనకు కొత్త, సరుకు పాతదే. మహాభారతం ఆదిపర్వంలోని కచ దేవయానుల కథ మళ్లీ చదవండి. చనిపోయినవాళ్లను బతికించే మృతసంజీవని విద్య కోసం దేవతలు కచుణ్ణి శత్రువుల గురువు శుక్రుడి దగ్గరికి పంపుతారు. పంపుతూ, గురువుకు ముద్దుల కూతురు ఉంది, ఆమె మనసు గెలిస్తే పని అవుతుందని కూడా చెబుతారు. అంటే అతను తెచ్చిన మొదటి పువ్వే వ్యూహంలో భాగం. రాక్షసులు అతన్ని చంపిన ప్రతిసారీ ఆమె తండ్రిని బతిమాలి బతికించుకుంటుంది. విద్య చేతికి వచ్చాక, గురుపుత్రివి, చెల్లెలితో సమానం అని అతను వెళ్లిపోతాడు. ఆ విద్య నీకు పనిచేయకుండా పోవుగాక అని ఆమె శపిస్తుంది. నేను నేర్పినవాళ్లకు పనిచేస్తుందిలే అంటూ అతను కూడా తిరిగి శపిస్తాడు. ఇద్దరిలో ఎవరు తప్పు? ఇన్ని వందల ఏళ్లుగా తేల్చలేకపోయాం కాబట్టే ఆ కథ ఇంకా బతికి ఉంది.

అలాంటి కథ కట్టే పద్ధతి ఒకటి చెబుతాను. ఉదాహరణకు నేను ఇప్పుడు రాస్తున్న కథనే విప్పి చూపిస్తాను.

మొదటి పని: ప్రేమను పక్కన పెట్టి కోరిక రాయండి

ఒక కాగితం మీద ఇద్దరి పేర్లు రాసి, ఒక్కొక్కరి కింద ఒక్క కోరిక రాయండి. అది చేత్తో పట్టుకోగలిగేదో లెక్కపెట్టగలిగేదో అయి ఉండాలి. "అధికారం కావాలి" అంటే చాలదు. ఏ ముద్రిక? ఏ కోట? ఎన్ని ఎకరాలు? "పగ తీర్చుకోవాలి" కూడా చాలదు, ఎవరి మీద, ఏ రోజుకి అన్నది తేలాలి. కచుడికి కావలసింది ఒక మంత్రం, అంతే. అంత స్పష్టంగా ఉండటం వల్లే అతని ప్రతి చిరునవ్వునూ మనం అనుమానంతో చూస్తాం.

నా కథ కాకతీయుల కాలాన్ని పోలిన ఒక ఊరిలో జరుగుతుంది. 1213లో రామప్ప గుడి నిలబెట్టిన రేచర్ల రుద్రుడి వంటి సామంతులు గుళ్లతో పాటు చెరువులు కూడా తవ్వించిన కాలమది. చెరువు కట్టించినవారికీ బాగుచేసినవారికీ దశబంధం అనే పద్ధతి కింద మాన్యం, అంటే ఇనాం భూమి, దక్కేది. నా నాయిక మైలమ తూము కాపలాదారు కూతురు. ఆమెకు కావలసింది ఆ దశబంధ మాన్యం, తన పేరు మీద, రాతి మీద చెక్కించి. తండ్రి ముప్పై ఏళ్లు కట్ట మీద కాపలా కాశాడు, శాసనంలో మాత్రం ఎవరిదో పేరు. రేచన ఊరికి కొత్తగా వచ్చిన కరణం. నిజానికి ఆ ఊరి కోట ఒకప్పుడు అతని తండ్రిది. ఆ సంగతి చెప్పే రాగిరేకు అతని పెట్టెలో ఉంది. రేకు మీద వారసుడిగా అతని పేరు ఉంది. అతనికి కోట కావాలి, ఈ వానాకాలం ముగిసేలోపు.

గమనించండి, ఇప్పటివరకూ ప్రేమ ఊసే లేదు. ఇద్దరినీ విడివిడిగా చూస్తే ఎవరి కోరికా అన్యాయం కాదు.

రెండో పని: రెండు కోరికలూ ఒకే గుమ్మంలో ఇరుక్కోవాలి

ఒకరికి దక్కితే రెండోవారికి దక్కకూడదు. దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. మీ ఇద్దరు పాత్రలనూ అరుగు మీద కూర్చోబెట్టి అరగంట మనసు విప్పి మాట్లాడనివ్వండి. ఆ అరగంటలో చిక్కు విడిపోతే మీ దగ్గర ఉన్నది అపార్థం మాత్రమే, కథ ఇంకా రాలేదు.

నా కథలో రేచన పథకం కట్ట తెగగొట్టడం. చెరువు ఊరి మీద పడితే కోటలో ఉన్నవాడి ధాన్యం, సైన్యం రెండూ కొట్టుకుపోతాయి. ఆయకట్టు కింద ఉన్న రైతులు కూడా పోతారు. అతనికి అది తెలుసు, లెక్క కూడా రాసుకున్నాడు, కరణం కదా. మైలమకు మాన్యం రావాలంటే ఆ వానాకాలం కట్ట నిలబడాలి. అరగంట కాదు, అర్ధ సంవత్సరం మాట్లాడుకున్నా ఇది తెమలదు.

మూడో పని: మాయకు వెల కట్టండి

ఇక్కడ ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువ కథలు మునిగేది ఇక్కడే.

బాలనాగమ్మ కథలో మాంత్రికుడి ప్రాణం ఎక్కడో ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. పల్లెలో చిన్నపిల్లవాడికి కూడా ఆ నియమం ఒక్కసారి వింటే అర్థమవుతుంది. మంచి మాయకు ఉండాల్సిన లక్షణం అదే: ఒక్క వాక్యంలో చెప్పగలగాలి, ఆ వాక్యమే కథను ముగించగలగాలి. సంజీవని కథలోనూ అంతే. శుక్రుడు తాగిన మద్యంలో కచుడి బూడిద కలిసిపోయింది. శిష్యుణ్ణి బతికిస్తే గురువు పొట్ట చీలుతుంది. కాబట్టి లోపల ఉన్న శిష్యుడికి విద్య నేర్పక తప్పదు. నియమం ఎంత గట్టిదో చూడండి, శత్రువులు చేసిన హత్యే కచుడి పని పూర్తిచేసింది.

మీ నియమం రాసుకుని మూడు ప్రశ్నలు వేయండి. ఇది వాడినవారు ఏం పోగొట్టుకుంటారు? ఇది ఎవరు వాడలేరు? దీన్ని రద్దు చేయాలంటే ఏం కూలుతుంది? మూడింటికీ జవాబు లేకపోతే మీ మాంత్రికుడు చెయ్యి ఊపినప్పుడల్లా మెరుపులు వస్తాయి, పాఠకుడికి ఆవలింతలు వస్తాయి.

నాకు నియమం ఒక పాత కథ నుంచి దొరికింది. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగకుండా ప్రాణమిచ్చిన ముసలమ్మ కథను కట్టమంచి రామలింగారెడ్డి 1899లో కావ్యంగా రాశారు. తెలుగు నేల మీద ఇలాంటి కట్ట కథలు ఇంకా ఉన్నాయి. చాలావాటిలో బలి కోరేది దేవత, ఒప్పుకునేది ఊరు, నీళ్లలోకి నడిచేది కోడలు. నాకు ఎప్పుడూ ఒకటే అనుమానం: ఆ కోడలే తెలివైనదై, తన బదులు మరొకరిని ఇచ్చి ఉంటే?

అందుకని నా నియమం ఇది. కట్ట నిలవాలంటే ఒక మనిషి పేరు తాటాకు మీద గంటంతో రాసి తూము కింద పాతిపెట్టాలి. ఆ క్షణం నుంచి ఆ పేరు ఎవరి నోటా పలకదు, ఏ రాతలోనూ నిలవదు. మనిషి మాత్రం ఉంటాడు, తింటాడు, నడుస్తాడు. ఇంకొక షరతు ఉంది: ఆ పేరును మనసారా ప్రేమించి పిలిచినవాళ్లు పాతిపెడితేనే అది పనిచేస్తుంది. శత్రువు పాతితే అది వట్టి తాటాకు.

ఇప్పుడు మూడు ప్రశ్నలూ వేయండి. పోయేది పేరు. రేచన హక్కంతా రాగిరేకు మీద ఉన్న పేరులోనే ఉంది కాబట్టి పేరుతో పాటు కోట పోతుంది. వాడలేనిది ప్రేమ లేనివాళ్లు. రద్దు చేయాలంటే తాటాకు తవ్వి తీయాలి, తీస్తే కట్ట కూలుతుంది. మంత్రం, ప్రేమ, ఆశ మూడూ ఒకే ముడిలో పడ్డాయి. ఈ ముడి దొరికేవరకు నేను మొదటి భాగం రాయలేదు. మీరూ రాయకండి.

చిన్న హెచ్చరిక. ఊళ్లలో నేటికీ పూజలందుకునే దేవతలను తెచ్చి మీ కథలో నెత్తురు అడిగించకండి. కట్టమైసమ్మకు బోనం ఎత్తే మనుషులు మీ పాఠకుల్లోనే ఉంటారు. పేరు కల్పించుకోవడానికి పది నిమిషాలు చాలు. అలాగే పాత కథల్లో మాంత్రికుడు ఎప్పుడూ పరాయివాడే. ఒక కథలో ఫకీరు వేషంలో వస్తాడు, 1951 నాటి పాతాళభైరవిలో నేపాళం నుంచి వస్తాడు. చెడు బయటినుంచే వస్తుందనే ఊరట ఈ రకం కథలో పనికిరాదు. మంత్రం తెలిసినది మన పెరట్లోని మనిషే కావాలి.

నాలుగో పని: పాపాన్ని కళ్లు తెరిచి చేయించండి

పొరపాటున చంపడం, తాగిన మత్తులో ద్రోహం చేయడం, ఎవరో మోసగించి చేయించడం: ఈ మూడూ రచయిత పిరికితనాలు. మీ నాయిక తప్పు చేయాలి, అది తప్పని తెలిసి చేయాలి, చేయకుండా ఉండే దారి కూడా ఆమెకు కనిపించాలి. నాయిక మంచిదని పాఠకులు మెచ్చుకోవాలన్న ఆత్రం రచయితకు ఉంటుంది. ఆ ఆత్రమే పాత్రను చంపేస్తుంది.

మైలమ రేచన పేరు పాతిపెట్టే ఘట్టాన్నే రెండు రకాలుగా చూపిస్తాను. మొదటిది నేను కొట్టేసినది:

"మైలమ చేతులు వణికాయి. ఊరిని కాపాడాలంటే ఇది తప్పదు. కన్నీళ్లు తాటాకు మీద పడ్డాయి. నన్ను క్షమించు అని మనసులోనే వేడుకుంది."

ఇందులో ఆమె అప్పుడే నిర్దోషి అయిపోయింది. మనం తీర్పు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. రెండోది:

"అక్షరం వంకర పోయింది. మైలమ ఆ ఆకు పక్కన పడేసి ఇంకొకటి తీసుకుంది. పేరు సరిగా ఉండాలి. పాతిపెట్టి మట్టి తొక్కాక కాళ్లు కడుక్కుంది. దశబంధం పట్టాలో తన పేరు ముందు ఏ బిరుదు వేయించాలో ఇంటికి వెళ్లేదాకా ఆలోచించింది."

రెండోదానిలో ఊరిని కాపాడటం అబద్ధం కాదు, కానీ అదొక్కటే నిజం కూడా కాదు. కొత్త ఆకు తీసుకున్న ఆ క్షణం నాకు చాలా ఇష్టం. వంకర అక్షరం ఆమెకు వదిలేసే అవకాశం ఇచ్చింది, ఆమె వదల్లేదు.

ఒక పని గుర్తుంచుకోండి. ఈ పాపం కథ మధ్యకు వచ్చేలోపే జరగాలి. చివరికి దాచిపెడితే అది కేవలం మలుపు. మధ్యలో జరిగితే మిగతా సగం కథా దానితో కలిసి కాపురం చేయాలి.

ఈ ఘట్టం ముగిశాక రచయితగా మీకూ ఆంక్ష వర్తిస్తుంది. ఆ పేరు ఇక మీరూ రాయకూడదు. ఇకమీద నేనూ "అతను" అనే అంటాను.

ఐదో పని: ప్రేమను మాటల్లో కాక పనుల్లో పెట్టండి

కచుడు అడవి నుంచి తిరిగి రాని సాయంత్రం నన్నయ దేవయాని చేత ఒక పద్యం చెప్పిస్తాడు. అందులో ఆమె ప్రేమ అనే మాటే ఎత్తదు. పొద్దు గుంకింది, ఆవులు వాటంతట అవే ఇంటికి వచ్చాయి, మీ అగ్నిహోత్రాలు వేల్చడం అయింది, కచుడు మాత్రం రాలేదు, అడవిలో మృగాలో రాక్షసులో పాములో ఏం చేశాయో అని తండ్రితో అంటుంది. ఆవుల లెక్క చెబుతున్న అమ్మాయి గుండె ఎలా కొట్టుకుంటోందో మనకు వినిపిస్తుంది. ప్రేమ దృశ్యం రాసే ముందు నేను ఆ పద్యం ఒకసారి చదువుకుంటాను.

మీ పాత్రలకు కలిసి చేసే పని ఇవ్వండి. నా ఇద్దరూ కట్ట వెంట నడుస్తూ నీటి మట్టం కొలుస్తారు. ఆమెకు మట్టి తెలుసు, అతనికి లెక్క తెలుసు. ఏ చోట కట్ట బలహీనంగా ఉందో ఆమె చూపిస్తుంది, అతను రాసుకుంటాడు. అతను ఎందుకు రాసుకుంటున్నాడో మనకు తెలుసు కాబట్టి ఆ నడకలో ప్రతి అడుగూ అందంగానూ భయంగానూ ఉంటుంది. తెలివైనవాళ్లు ఒకరి తెలివి చూసి మరొకరు మోహపడటం ఈ రకం కథకు అసలైన ఇంధనం. అందం వర్ణించడానికి రెండు వాక్యాలు చాలు.

తెలుగులో మనకు ఉన్న గొప్ప ఆయుధం సంబోధన. దాన్ని వృథా చేయకండి. మొదట అతను ఆమెను "మీరు" అంటాడు, ఆమె అతన్ని "కరణంగారూ" అంటుంది. అబద్ధం బయటపడిన రాత్రి ఆమె నోట మొదటిసారి "నువ్వు ఎవరు?" వస్తుంది. ఆ కోపంలోనే చనువు పుడుతుంది. తర్వాత కొన్నాళ్లు పేరు పెట్టి పిలుస్తుంది, చెరువు గట్టున, ఎవరూ లేనప్పుడు. పాతిపెట్టాక మళ్లీ "మీరు" దగ్గరికి వచ్చేస్తుంది. చూసేవాళ్లకు అది మర్యాద. ఒక్క సర్వనామంతో మొత్తం బంధం నడిచిపోయింది. సర్వనామాలు ఎక్కడ మారుతున్నాయో విడిగా ఒక పట్టీ వేసుకోండి. ఏ కారణం లేకుండా మారిన చోటల్లా పాఠకుడు తడబడతాడు.

ఆరో పని: చీకటికీ బలవంతానికీ గీత గీయండి

ఎత్తుకుపోవడం, గదిలో బంధించడం, వద్దన్నా చెయ్యి పట్టుకోవడం, చివరికి ఆమెకు అదే నచ్చడం. ఇది చీకటి ప్రేమ కాదు, పాత సినిమాల సోమరితనం. నైతికంగా అటూ ఇటూ ఉన్న మనిషిని చూపించడం వేరు, అతని పక్షాన కథే అబద్ధం చెప్పడం వేరు. అతను తప్పు చేస్తే చేయనివ్వండి, కానీ ఆమెకు తగిలిన గాయాన్ని ప్రేమ అని పేరు మార్చి రాయకండి. ఇద్దరి చేతుల్లోనూ సమానంగా ఆయుధాలు ఉండేలా చూస్తే ఈ సమస్య చాలావరకు రాదు. ఇద్దరూ పెద్దవాళ్లై ఉండాలని వేరే చెప్పాలా?

మారువేషాలతో మోసం చేయించాలనుకుంటే పింగళి సూరన కళాపూర్ణోదయం చదవండి. పదహారో శతాబ్దంలోనే ఒకామె రంభ రూపం ధరించి, ఒకతను నలకూబరుడి రూపం ధరించి, ఒకరినొకరు మోసగించుకుంటారు. మోసం ఇద్దరిదీ కావడం వల్ల ఆ ఘట్టం నవ్వూ జాలీ కలిపి పుట్టిస్తుంది.

ఏడో పని: భాషకు మట్టి అంటించండి

"ఓ రాకుమారీ" అని మొదలుపెడితే నాటకం వేషాలు కనిపిస్తాయి. కథనానికి ఈనాటి వాడుక భాషే వాడండి, కాలం వాసన వస్తువుల పేర్లతో తెప్పించండి. తూము, కట్ట, మత్తడి, ఆయకట్టు, గంటం, రాగిరేకు, మర్తురు, పుట్టి. పేజీకి ఇలాంటివి మూడు చాలు. పది వేస్తే నిఘంటువు అవుతుంది.

ఎనిమిదో పని: భాగాలుగా విడగొట్టండి

ప్రతిలిపి వంటి ఆన్‌లైన్ కథల వేదికల్లో ధారావాహికగా పెడుతుంటే ప్రతి భాగం చివర ఎవరో ఒకరు కొండ అంచున వేలాడాలని అనుకుంటారు. ప్రమాదంతో ఆపితే పాఠకుడు ఒక రోజు ఎదురుచూస్తాడు. నిర్ణయంతో ఆపితే ఆ రోజంతా వాదించుకుంటాడు. "కత్తి ఆమె మెడ మీదికి వచ్చింది" కంటే "ఆమె కొత్త ఆకు తీసుకుంది" గట్టి ముగింపు.

తొమ్మిదో పని: ముగింపులో ఎవరూ పూర్తిగా గెలవకూడదు

దేవయాని శాపం పెట్టగలిగింది కానీ కచుణ్ణి ఆపలేకపోయింది. కచుడు విద్యతో వెళ్లాడు కానీ దాన్ని తాను వాడలేడు. లెక్క అలా ఉండాలి: ప్రతి విజయం మీదా ఎదుటివాళ్ల వేలిముద్ర.

నా కథలో కట్ట నిలిచింది, మైలమకు మాన్యం వచ్చింది. అతని రాగిరేకు మీద పేరు ఉండాల్సిన చోట నున్నటి రాగి మిగిలింది. కానీ తన పేరు పోయిన క్షణమే అతనికి ఒక సంగతి తెలిసిపోయింది. ప్రేమ లేనివాళ్లు పాతితే పనిచేయని మంత్రం పనిచేసింది. ఆమె నోటితో ఎన్నడూ చెప్పని మాటకు అంతకు మించిన రుజువు లేదు. తనను నాశనం చేసినదే తనను ప్రేమించిందనడానికి సాక్ష్యం. అతను ఊరు విడిచిపోడు. పెళ్లి అడుగుతాడు. ఆమె ఒప్పుకుంటుంది. ఎందుకు ఒప్పుకుందో చెప్పే వాక్యం రాయలేదు, మీరూ మీ కథలో అలాంటి వాక్యం రాయకండి.

చివరి ఘట్టం గృహప్రవేశం. కొత్త దంపతులను గుమ్మంలో ఆపి, పేర్లు చెబితేనే లోపలికి రానిస్తామని ఆడపడుచు వరస వాళ్లు ఆటపట్టించే ముచ్చట మీరంతా చూసే ఉంటారు. "మీ ఆయన పేరేమిటి వదినా? చెప్పు" అంటారు. మైలమ నోరు తెరుస్తుంది. మాట రాదు. సిగ్గుపడుతోందని అందరూ నవ్వుతారు. భర్త పేరు పలకని ఆచారం ఉన్న చోట ఆమె నేరానికి అంతకంటే మంచి దాపు ఉండదు. తర్వాత అతని వంతు. అతను ఆమె కళ్లలోకి చూస్తూ "మైలమ" అని చాలా ఇష్టంగా పిలుస్తాడు. అతని పైపంచె మడతలో ఒక ఖాళీ తాటాకు ఉంది. తాను పాతితే మంత్రం పనిచేస్తుందా లేదా అన్నది అతనికే తెలియదు. అంటే తాను ఆమెను ప్రేమిస్తున్నాడో లేదో కూడా తెలియదు. కుడికాలు ముందు పెట్టి ఇద్దరూ లోపలికి వెళతారు.

పదో పని: తిరగరాత

మొదటి ప్రతి ముగిశాక రెండు వారాలు ముట్టుకోకండి. తర్వాత "నిజానికి అతను", "పాపం ఆమె", "వేరే దారి లేక" అనే మాటలు ఫైలులో వెతికి, ఉన్న చోటల్లా కొట్టేయండి. రచయిత తన పాత్రల తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆనవాళ్లు అవి. ఆ పైన మీ మాయ నియమాన్ని మీరే ఎక్కడైనా తప్పారా అని చూసుకోండి. నేను పాతిపెట్టిన పేరును వెతుకు పెట్టెలో కొట్టి చూశాను. ఆ అధ్యాయం తర్వాత ఏడు చోట్ల దొరికింది. ఆరు నా పరధ్యానం, వెంటనే చెరిపేశాను. ఏడోది మైలమ నిద్రలో పలికినది. దాన్ని తీసేయడానికి రెండు రోజులు పట్టింది.